చిన్న పిల్లలున్న భార్యాభర్తలు వీలునామా రాసుకోవడం ఎలా: మొదటి నుంచి చివరి దాకా

వీలునామా అంటే అరవై దాటాక, ఆస్తులు బాగా ఉన్నవాళ్ళు రాసేది అని మనలో చాలామంది నమ్మకం. నేనైతే ముప్పై ఐదేళ్ళ వయసు, ఒక ఫ్లాటు, దాని మీద లోను, ఇద్దరు చిన్న పిల్లలు ఉన్నవాళ్ళకే ఇది అందరికంటే ఎక్కువ అవసరం అంటాను. పెద్దాయన పోతే పిల్లలు పెద్దవాళ్ళయి ఉంటారు, వాళ్ళే కూర్చుని మాట్లాడుకుని సంతకాలు పెట్టుకుని ఎలాగోలా తేల్చుకుంటారు. మూడేళ్ళ పాప సంతకం పెట్టలేదు, పాప తరఫున అమ్మ పెడతానన్నా చట్టం అన్నిటికీ ఒప్పుకోదు. చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి ఈ పాయింటు పట్టుకునే మొత్తం చెప్తాను.

ఇక్కడ చెప్పేది మన దేశంలో హిందూ వారసత్వ చట్టం కిందకి వచ్చేవాళ్ళ గురించి ప్రధానంగా (బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఇందులోకే వస్తారు). క్రైస్తవులకి, ముస్లింలకి ఎక్కడ తేడా ఉందో మధ్యలో చెప్తాను.

ముందు: రాయకపోతే ఏమవుతుందో తెలుసుకోండి

"నేను పోతే అన్నీ నా భార్యకే వస్తాయి కదా" అనుకుంటారు. రావు. హిందూ వారసత్వ చట్టం 1956 లోని 8వ సెక్షన్ ప్రకారం మగవాళ్ళు వీలునామా లేకుండా చనిపోతే భార్య, కొడుకులు, కూతుళ్ళు, తల్లి అందరూ మొదటి తరగతి వారసులు, అందరికీ సమాన వాటా. అంటే భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ ఉంటే ఫ్లాటులో ఒక్కొక్కరికి నాలుగో వంతు. భార్యకి దక్కేది పావలా వంతే. అమ్మకి వచ్చిన నాలుగో వంతు అమ్మ తర్వాత మీ అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్ళకి కూడా పంచబడుతుంది. తండ్రి బతికి ఉన్నా ఆయనకి రాదు, ఆయన రెండో తరగతి. భార్య చనిపోతే లెక్క వేరు, 15వ సెక్షన్ ప్రకారం భర్తకి, పిల్లలకి సమానంగా వెళ్తుంది.

వాటా తక్కువ రావడం ఒక సమస్యే గానీ అంతకంటే పెద్ద సమస్య పిల్లల వాటా. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 1956 లో 8వ సెక్షన్ ఉంది, దాని ప్రకారం మైనర్ పేరు మీద ఉన్న ఇల్లు, స్థలం, పొలం లాంటివి సొంత తల్లయినా సరే కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, ఐదేళ్ళకి మించి లీజుకి కూడా ఇవ్వకూడదు. పై లెక్కలో ఫ్లాటులో సగం పిల్లలిద్దరిదే కాబట్టి, లోను కట్టలేక ఆ ఫ్లాటు అమ్మేసి చిన్న ఇంట్లోకి మారదాం అని ఆవిడ అనుకున్నా ముందు కోర్టుకి వెళ్ళి ఈ అమ్మకం పిల్లల మేలు కోసమే అని చూపించి అనుమతి తెచ్చుకోవాలి. అనుమతి లేకుండా అమ్మితే ఆ పిల్లలు మేజర్ అయ్యాక మూడేళ్ళలోపు ఆ అమ్మకాన్ని రద్దు చేయమని కేసు వేయొచ్చు, ఆ భయంతోనే కొనేవాళ్ళు దూరంగా ఉంటారు, బ్యాంకులు కూడా లోను ఇవ్వడానికి వెనకాడతాయి. భర్త పోయిన దుఃఖంలో, చంటిపిల్లల్ని వేసుకుని ఆవిడ ఈ తిరుగుడంతా తిరగాలి. రెండు పేజీల కాగితంతో ఇది మొత్తం తప్పించొచ్చు.

స్టెప్ 1: మీ పేరు మీద ఏమేం ఉన్నాయో చిట్టా రాయండి

ఇద్దరూ విడివిడిగా రాయండి. ఇల్లు, స్థలం, పొలం, బ్యాంకు ఖాతాలు, ఎఫ్‌డీలు, పీఎఫ్, మ్యూచువల్ ఫండ్లు, షేర్లు, ఇన్సూరెన్సు, బంగారం, బండి, ఎవరికైనా ఇచ్చిన అప్పులు, అలాగే మీరు తీర్చాల్సిన అప్పులు. అప్పులు మర్చిపోవద్దు, ఎందుకంటే ముందు ఆస్తిలోంచి అప్పులు తీరాకే మిగతాది వారసులకి వస్తుంది.

రాసేటప్పుడు ఒక్కోదాని పక్కన ఇది స్వార్జితమా, పిత్రార్జితమా, జాయింటా అని పెట్టుకోండి. స్వార్జితం మొత్తాన్ని మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోవచ్చు. ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే అందులో మీ వాటా వరకే రాయగలరు (హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ ఆ వీలు ఇస్తుంది), మొత్తం ఆస్తి మీదే అన్నట్టు రాస్తే మీ వాటా దాటిన భాగం చెల్లదు, అందులో మీ పిల్లలకి, కూతురికి కూడా, పుట్టుకతోనే హక్కు ఉండొచ్చు. భార్యాభర్తలిద్దరి పేరు మీద కొన్న ఫ్లాటు అయితే ఒకరు పోగానే ఇంకొకరికి ఆటోమేటిగ్గా మొత్తం వచ్చేస్తుందని అనుకుంటారు, అలా కాదు, పోయినవాళ్ళ సగం వాళ్ళ వారసులకే వెళ్తుంది, అంటే మళ్ళీ పిల్లల వాటా, మళ్ళీ కోర్టు. జాయింట్ ఫ్లాటు ఉన్నవాళ్ళు కూడా వీలునామా రాయాల్సిందే.

స్టెప్ 2: నామినీలు సరిచేసుకోండి

వీలునామా ముట్టుకునే ముందే ఈ పని చేయాలంటాను, ఎందుకంటే ఇది ఈరోజే ఫోన్లోంచి చేసేయొచ్చు. నామినీ అంటే చాలాచోట్ల డబ్బు అందుకునే మనిషి మాత్రమే, ఓనర్ కాదు. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబర్లో శక్తి యజ్దానీ కేసులో ఇదే తేల్చింది, నామినీ ఉన్నా ఆస్తి వీలునామా ప్రకారమో, వారసత్వ చట్టం ప్రకారమో వెళ్తుంది అని. బ్యాంకు డిపాజిట్లకి 2025 నవంబర్ 1 నుంచి నలుగురి దాకా నామినీలని పెట్టుకోవచ్చు, అయినా సూత్రం అదే.

లైఫ్ ఇన్సూరెన్సు మాత్రం వేరు. 2015 లో ఇన్సూరెన్సు చట్టం మారాక తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు, వీళ్ళలో ఎవరు నామినీగా ఉంటే ఆ డబ్బుకి వాళ్ళే లబ్ధిదారులు. కాబట్టి పెళ్ళికి ముందు తీసుకున్న పాలసీలో నామినీగా అమ్మ పేరో నాన్న పేరో ఉండిపోతే, తర్వాత వీలునామాలో భార్యకి అని ఎంత అందంగా రాసినా గొడవే. పాలసీలోనే మార్చండి. మైనర్ పిల్లల్ని నామినీగా పెడితే అపాయింటీ పేరు, అంటే వాళ్ళు మేజర్ అయ్యేదాకా వాళ్ళ తరఫున డబ్బు అందుకునే మనిషి పేరు, తప్పకుండా ఇవ్వండి.

పీఎఫ్‌లో ఇంకో సంగతి, పెళ్ళికి ముందు ఇచ్చిన నామినేషన్ పెళ్ళితో చెల్లకుండా పోతుంది, మళ్ళీ కొత్తగా ఇవ్వాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నింపిన ఫారం తర్వాత ఎవరూ దాని మొహం చూడరు.

టర్మ్ ఇన్సూరెన్సు కొత్తగా తీసుకునే మగవాళ్ళు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకుంటారా అని ఒక ఆప్షన్ ఉంటుంది, ఎండబ్ల్యూపీ అని రాసి ఉంటుంది. దాని కింద తీసుకుంటే ఆ డబ్బు భార్యాపిల్లల కోసం ట్రస్టులో ఉన్నట్టు లెక్క, అప్పులవాళ్ళు దాన్ని ముట్టుకోలేరు. వ్యాపారం చేసేవాళ్ళకి, పెద్ద అప్పులున్నవాళ్ళకి ఇది చాలా మంచిది. కాకపోతే పాలసీ తీసుకునేటప్పుడే పెట్టుకోవాలి, ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకోవడం మీ చేతిలో ఉండదు.

స్టెప్ 3: మొదటి నిర్ణయం, ఒకరు పోతే ఏంటి

పిల్లలు చిన్నగా ఉన్నంతకాలం నా సలహా సూటిగా ఒకటే: భర్త తన ఆస్తి మొత్తం భార్యకి సర్వహక్కులతో రాయాలి, భార్య తనది మొత్తం భర్తకి సర్వహక్కులతో రాయాలి. "పిల్లలకి రాయకపోతే ఎలా" అని పెద్దవాళ్ళు అడుగుతారు, ప్రేమతోనే అడుగుతారు, కానీ పిల్లల పేరు మీద రాసిన ప్రతి గజం స్థలం పైన చెప్పిన కోర్టు అనుమతిలో ఇరుక్కుంటుంది. పిల్లల్ని పెంచే మనిషి చేతిలో ఆస్తి ఉంటేనే పిల్లలకి ఉపయోగం.

ఇక్కడ ఒక పాత వాక్యం గురించి గట్టిగా చెప్పాలి. డాక్యుమెంట్ రైటర్ల దగ్గర తరతరాలుగా నడుస్తున్న నమూనాలో ఇలా ఉంటుంది: "నా తదనంతరం నా భార్య సదరు ఆస్తిని తన జీవితకాలం అనుభవించి, ఆమె తదనంతరం నా పిల్లలు సర్వహక్కులతో అనుభవించవలెను". వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. అయితే దీని అర్థం ఆవిడకి ఉండే హక్కు బతికినంతకాలం వాడుకునే హక్కు మాత్రమే, అమ్మే హక్కు లేదు. పిల్లాడి చదువుకి డబ్బు కావాలన్నా, పాప వైద్యానికి కావాలన్నా అమ్మలేదు. ఈ జీవితకాలపు హక్కు పూర్తి హక్కుగా మారుతుందా లేదా అని హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ మీద దశాబ్దాలుగా కోర్టుల్లో కొట్లాడుకుంటున్నారు, మీ ఇంటి పేరు ఆ జాబితాలో చేరాల్సిన అవసరం లేదు. రైటర్ ఈ వాక్యం రాసిస్తే చదివి కొట్టేయించండి.

రెండో పెళ్ళి భయం ఉంటే, అంటే ఆస్తి మొత్తం ఇచ్చాక వాళ్ళు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పిల్లలకి ఏం మిగులుతుంది అనే భయం ఉంటే, అది తప్పు పట్టాల్సిన భయం కాదు. అప్పుడు కొంత భాగం, ఉదాహరణకి ఇన్సూరెన్సు డబ్బో ఒక ఫ్లాటో, కింద చెప్పే ట్రస్టులో పిల్లల కోసం పెట్టి మిగతాది జీవిత భాగస్వామికి రాయండి. అమ్మానాన్నలు మీ మీద ఆధారపడి ఉంటే వాళ్ళకి కూడా ఒక ఎఫ్‌డీనో, నెలకి ఇంత అనో స్పష్టంగా రాయండి. వీలునామాలో అమ్మ పేరు అసలు లేకపోతే రేపు "కన్నతల్లిని మర్చిపోయాడా, ఇది వాడు రాసిందేనా" అనే ప్రశ్న మొదట వచ్చేది అక్కడే. ఏమీ ఇవ్వట్లేదు అనుకున్నా ఎందుకు ఇవ్వట్లేదో ఒక వాక్యం రాయండి, ఉదాహరణకి ఆవిడకి పెన్షన్ ఉంది, సొంత ఇల్లు ఉంది అని.

స్టెప్ 4: రెండో నిర్ణయం, ఇద్దరూ ఒకేసారి పోతే ఏంటి

దీని గురించి మాట్లాడడానికే మనకి నోరు రాదు, అశుభం అంటాం. కానీ కార్లో ఇద్దరం కలిసే వెళ్తాం. ఒకే ప్రమాదంలో ఇద్దరూ పోయి ఎవరు ముందు పోయారో తెలియకపోతే హిందూ వారసత్వ చట్టం 21వ సెక్షన్ ప్రకారం వయసులో చిన్నవాళ్ళు తర్వాత పోయినట్టు భావిస్తారు. అంటే భార్య చిన్నదైతే భర్త ఆస్తి ఒక క్షణం భార్యకి వెళ్ళి, అక్కణ్ణుంచి ఆమె వీలునామా ప్రకారం వెళ్తుంది. అందుకే ఇద్దరి వీలునామాల్లోనూ రెండో అంచె ఒకేలా ఉండాలి: "నా భార్య నాకంటే ముందు గానీ, నాతోపాటు గానీ, నా తర్వాత 30 రోజులలోపు గానీ మరణించినచో" అని మొదలుపెట్టి ఆస్తి ఎవరికి, పిల్లల్ని ఎవరు చూస్తారు, డబ్బు ఎవరు చూస్తారు అనేది రాయాలి.

ఇద్దరూ కలిపి ఒకే కాగితం మీద జాయింట్ వీలునామా రాయొద్దు. ఒకరు పోయాక రెండోవాళ్ళు దాన్ని మార్చుకోవచ్చా లేదా అనేది పెద్ద చిక్కు అవుతుంది. రెండు వేరు వేరు కాగితాలు, రెండు వేరు వేరు సంతకాలు.

పిల్లల గార్డియన్ సంగతి. పైన చెప్పిన హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం తండ్రి వీలునామాలో గార్డియన్‌ని పెట్టొచ్చు, తల్లి కూడా పెట్టొచ్చు. అయితే తండ్రి తన తమ్ముణ్ణి గార్డియన్‌గా రాసి చనిపోతే, తల్లి బతికుంటే ఆ మాట చెల్లదు, పిల్లలు తల్లి దగ్గరే. ఆ తర్వాత తల్లి కూడా పోతే, ఆమె వీలునామాలో ఎవరి పేరైనా ఉంటే వాళ్ళే గార్డియన్, ఆమె ఏమీ రాయకపోతే అప్పుడు తండ్రి రాసిన పేరు మళ్ళీ లేస్తుంది. కాబట్టి భర్త ఒక్కడే రాస్తే చాలదు, ఇంట్లో ఉండే ఆవిడ, పేరు మీద ఒక్క రూపాయి ఆస్తి లేని ఆవిడ కూడా గార్డియన్ కోసమైనా వీలునామా రాయాలి. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని ఒకే పేరు రాయండి, ఆయన తన అన్న పేరు, ఈవిడ తన అక్క పేరు రాస్తే రెండు కుటుంబాలు కోర్టులో నిలబడతాయి.

ఎవర్ని పెట్టాలి అనేదానికి నా కొలతలు చెప్తాను. అమ్మమ్మ తాతయ్యలు పిల్లల్ని ప్రాణంగా చూస్తారు నిజమే, కానీ మూడేళ్ళ పాపకి పద్దెనిమిది వచ్చేసరికి వాళ్ళకి ఎంత వయసు వస్తుందో లెక్కేసుకోండి. పిల్లలకి ఇప్పటికే చనువున్న మనిషి, ఇద్దరు పిల్లల్ని విడదీయకుండా ఉంచగలిగేవాళ్ళు, వాళ్ళ ఇంట్లో ఇంకో మనిషి కూడా మనస్ఫూర్తిగా ఒప్పుకున్నవాళ్ళు అయితే మంచిది. ముందే అడగండి, అడగకుండా రాస్తే రేపు వాళ్ళు కాదనొచ్చు. ఒక పేరుతో ఆగకుండా రెండో పేరు కూడా పెట్టండి. వీలునామాలో పేరు రాసినంత మాత్రాన కోర్టు కళ్ళు మూసుకోదు, ఎవరైనా అభ్యంతరం పెడితే పిల్లల మేలే అన్నిటికంటే ముందు చూస్తుంది, కానీ చనిపోయిన తల్లిదండ్రుల కోరిక ఏంటనేది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం పరిగణనలోకి తీసుకోవాలి కాబట్టి మీరు ఎందుకు ఆ మనిషిని ఎంచుకున్నారో రెండు వాక్యాలు రాస్తే ఆ మాటకి బరువు వస్తుంది.

ముస్లిం కుటుంబాల్లో వీలునామాతో ఇవ్వగలిగేది అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోను మూడో వంతు వరకే, అంతకు మించితే మిగతా వారసులు ఒప్పుకోవాలి, గార్డియన్ నియమాలు కూడా వేరు, వాళ్ళు తమ పర్సనల్ లా తెలిసిన లాయరుతోనే రాయించుకోవాలి.

స్టెప్ 5: పిల్లల డబ్బు ఎవరి చేతిలో ఉండాలి

పిల్లల్ని పెంచేవాళ్ళు, డబ్బు చూసేవాళ్ళు ఒకరే ఉండక్కర్లేదు, నా ఉద్దేశంలో వేరుగా ఉంటేనే మంచిది. అక్క ప్రేమగా పెంచుతుంది, లెక్కల్లో పట్టు ఉన్న స్నేహితుడో బాబాయో డబ్బు చూస్తాడు, ఒకరి మీద ఒకరికి కన్ను ఉంటుంది.

ఇద్దరూ పోయినప్పుడు ఆస్తి నేరుగా మైనర్ పిల్లలకి రాస్తే అదే కోర్టు అనుమతి గొడవ, పైగా పద్దెనిమిది నిండిన మరుసటి రోజు మొత్తం డబ్బు ఆ పిల్లాడి చేతికి వస్తుంది. దీనికి మందు వీలునామాలోనే ట్రస్టు పెట్టడం, అంటే ఆస్తిని పిల్లల కోసమే చూడమని ట్రస్టీలు అనే నమ్మకస్తులకి అప్పజెప్పడం. భారత ట్రస్టుల చట్టం 1882 దీనికి వీలు ఇస్తుంది, ఇల్లు, స్థలం లాంటివి ఉన్నా వీలునామా ద్వారా పెట్టే ట్రస్టుకి వేరే రిజిస్టర్డ్ పత్రం అక్కర్లేదు. ఇద్దరు ట్రస్టీలని పెట్టండి, వాళ్ళకి ఆస్తి అమ్మే, అద్దెకిచ్చే, పెట్టుబడి పెట్టే అధికారం ఉంది అని విడిగా, స్పష్టంగా రాయండి. డబ్బు దేనికి వాడాలో రాయండి: స్కూలు, కాలేజీ, వైద్యం, బట్టలు, తిండి, గార్డియన్ ఇంట్లో పిల్లల వల్ల అయ్యే ఖర్చులు. చివర్లో ఉన్న మాట చాలామంది మర్చిపోతారు, ఇద్దరు పిల్లలు అదనంగా వస్తే గార్డియన్‌కి ఇంకో గది ఉన్న ఇల్లు కావాలి, ఆ ఖర్చు వాళ్ళ జేబులోంచి పెట్టుకోమనడం న్యాయం కాదు.

తర్వాత ఏ వయసులో పిల్లలకి అప్పజెప్పాలో రాయండి. ఇరవై ఒకటికి సగం, ఇరవై ఐదుకి మిగతాది అని రాసుకోవచ్చు, ఇది మీ ఇష్టం. ఎవరికైనా వైకల్యం ఉండి జీవితాంతం చూసుకోవాల్సిన బిడ్డ ఉంటే ఈ ట్రస్టు భాగాన్ని సొంతంగా రాసుకోకుండా లాయరుతోనే రాయించండి, ఇక్కడ డబ్బు ఆదా చేయొద్దు.

స్టెప్ 6: ఎగ్జిక్యూటర్

మీరు రాసింది అమలు చేసే మనిషి. మొదటి పేరు జీవిత భాగస్వామి, రెండో పేరు నమ్మకస్తుడైన ఇంకొకరు. మైనర్ కాకూడదు. అంతే, దీని గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు.

స్టెప్ 7: కాగితం మీద పెట్టడం

స్టాంపు పేపర్ అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. చేతిరాత అయినా టైపు అయినా ఓకే, తెలుగులో రాసుకోవచ్చు, మీకు బాగా అర్థమయ్యే భాషలోనే రాయండి, ఎందుకంటే "ఆయనకి ఇంగ్లీషు సరిగ్గా రాదు, అందులో ఏముందో తెలియకుండానే సంతకం పెట్టాడు" అనే వాదన రేపు రాకూడదు. ఫోన్లో రాసి ఆధార్ ఈ-సైన్ చేస్తే సరిపోతుందా అని అడుగుతుంటారు, సరిపోదు, ఐటీ చట్టం 2000 లో వీలునామాని ఎలక్ట్రానిక్ పత్రాల్లోంచి మినహాయించారు. వాట్సాప్ మెసేజ్, ఈమెయిల్, వీడియో ఏదీ వీలునామా కాదు. కాగితం, సిరా, సంతకం ఉండాల్సిందే.

లోపల ఉండాల్సినవి వరసగా: మీ పూర్తి పేరు, తండ్రి పేరు లేదా భర్త పేరు, వయసు, అడ్రసు. ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో రాస్తున్నాను అనే మాట. ఇంతకుముందు రాసినవి రద్దు అనే మాట. భార్య లేదా భర్త, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు. పిల్లల దగ్గర తప్పకుండా ఈ వాక్యం కలపండి: "ఇకమీదట నాకు కలిగే లేదా నేను దత్తత తీసుకునే సంతానం కూడా ఈ వీలునామాలో పిల్లలుగానే పరిగణించబడవలెను". మన చట్టంలో కొత్త బిడ్డ పుట్టినంత మాత్రాన పాత వీలునామా దానంతట అది మారదు, పేర్లు మాత్రమే రాసి వదిలేస్తే తర్వాత పుట్టినవాళ్ళు బయట ఉండిపోతారు.

ఆస్తుల దగ్గర ఇళ్ళకి, స్థలాలకి సర్వే నంబరు, హద్దులు, డాక్యుమెంటు నంబరు రాయండి. బ్యాంకు ఖాతాలు, ఫండ్లు ఒక్కొక్కటీ నంబరుతో రాయడం నాకు ఇష్టం ఉండదు, ఎందుకంటే ఫలానా నంబరు ఎఫ్‌డీ భార్యకి అని రాసి మీరు బతికుండగానే ఆ ఎఫ్‌డీ మూసేసి వేరే చోట పెడితే ఆ రాత ఉత్తదైపోతుంది. మీరు వాటాలుగా పంచాలనుకోకపోతే ఇలా రాయండి: "నా పేరున ప్రస్తుతం ఉన్న, ఇకమీదట సంక్రమించే యావదాస్తి, స్థిర చరాస్తులన్నీ". ఒకవేళ విడివిడిగా రాసినా చివర్లో "పైన పేర్కొనని మిగతా ఆస్తి ఏదైనా ఉంటే అది ఫలానా వారికి" అనే వాక్యం లేకుండా ముగించొద్దు.

విదేశాల్లో కూడా ఆస్తి ఉన్నవాళ్ళకి ఒక్క హెచ్చరిక. అక్కడ ఒక వీలునామా, ఇక్కడ ఒకటి రాసుకోవడం మంచిదే, కానీ రెండో దాంట్లో "ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు" అని మామూలుగా రాసేస్తే మొదటిది కూడా పోతుంది. "భారతదేశంలోని నా ఆస్తులకు సంబంధించి ఇంతకుముందు రాసినవి మాత్రమే రద్దు" అని రాయాలి.

స్టెప్ 8: సంతకాలు, ఇక్కడే ఎక్కువ వీలునామాలు పడిపోతాయి

భారత వారసత్వ చట్టం 1925 లోని 63వ సెక్షన్ చెప్పేది మూడు ముక్కల్లో: మీరు సంతకం పెట్టాలి లేదా వేలిముద్ర వేయాలి, కనీసం ఇద్దరు సాక్షులు మీరు సంతకం పెట్టడం చూడాలి లేదా "ఇది నా సంతకమే" అని మీ నోటితో వినాలి, ఆ సాక్షులు మీ ఎదుట సంతకం పెట్టాలి. సాక్షులిద్దరూ ఒకేసారి ఉండాలని చట్టం అనలేదు, కానీ మీరు మాత్రం ముగ్గురూ ఒకే గదిలో, ఒకే పెన్నుతో, ఒకే కూర్చోవడంలో పూర్తి చేయండి. ప్రతి పేజీ కింద సంతకం, కొట్టివేతలు ఉంటే పక్కన మీ సంతకం, సాక్షుల సంతకం, చివరి పేజీలో తేదీ, ఊరు, సాక్షుల పూర్తి పేర్లు, అడ్రసులు. వాళ్ళు లోపలి విషయం చదవక్కర్లేదు.

సాక్షులుగా ఎవరు? ఆస్తి దక్కేవాళ్ళు, వాళ్ళ భార్యలు, భర్తలు వద్దు. క్రైస్తవులకి ఇదే 1925 చట్టం 67వ సెక్షన్ ప్రకారం సాక్షికి గానీ సాక్షి భార్యకి లేదా భర్తకి గానీ రాసిన ఆస్తి చెల్లకుండానే పోతుంది. హిందువులకి ఆ సెక్షన్ వర్తించకపోయినా అనుమానానికి తావిస్తుంది. అందుకే భార్య వీలునామా మీద భర్త సాక్షి సంతకం అస్సలు వద్దు. మీకంటే వయసులో చిన్నవాళ్ళని, ఊళ్ళు మారినా దొరికేవాళ్ళని పెట్టుకోండి, ఎందుకంటే రేపు కోర్టులో నిరూపించాల్సి వస్తే సాక్షుల్లో కనీసం ఒకరు వచ్చి చెప్పాలి. పాత సాక్ష్య చట్టంలో 68వ సెక్షన్‌గా ఉన్న ఈ నియమం ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 2023 లో 67వ సెక్షన్. వీలునామా రిజిస్టర్ అయినా ఈ అవసరం తప్పదు.

అనుమానం ఎక్కడ మొదలవుతుందో కూడా చెప్తాను, 1958 లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందే ఇప్పటికీ అందరూ ఉదహరిస్తారు: వణుకుతున్న సంతకం, అన్యాయంగా కనిపించే పంపకం, లాభం పొందేవాళ్ళే దగ్గరుండి రాయించడం, ఇలాంటివి ఉంటే వాటికి జవాబు చెప్పాల్సిన బాధ్యత వీలునామా పట్టుకొచ్చినవాళ్ళదే. ఆరోగ్యంగా, యవ్వనంలో, ఎవరి తొందరా లేకుండా రాసుకుంటే వీటిలో సగం ప్రశ్నలు పుట్టవు. ఇప్పటికే ఏదైనా పెద్ద జబ్బు ఉంటే అదే రోజు డాక్టరు దగ్గర మానసికంగా స్థిమితంగా ఉన్నారని సర్టిఫికెట్ తీసుకోండి, డాక్టరునే ఒక సాక్షిగా పెట్టుకుంటే ఇంకా మంచిది.

స్టెప్ 9: రిజిస్ట్రేషన్

తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ చట్టం 1908 లో 18వ సెక్షన్ దాన్ని మీ ఇష్టానికే వదిలేసింది, గడువు కూడా లేదు, స్టాంపు డ్యూటీ లేదు. అయినా చేయించమనే చెప్తాను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి ఇద్దరు సాక్షులతో, గుర్తింపు కార్డులతో వెళ్తే ఫొటో, వేలిముద్ర తీసుకుంటారు, అసలు కాగితం పోయినా కాపీ ఆఫీసులో ఉంటుంది, సంతకం మీది కాదు అనడం కష్టమవుతుంది. మీరు బతికున్నంతకాలం ఆ కాపీ మీకో, మీ ఏజెంటుకో తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. మీ తర్వాత మాత్రం ఎవరు అడిగినా ఇస్తారు, కాబట్టి ఫోన్ పాస్‌వర్డులు, బ్యాంకు పిన్‌లు, ఇంటి రహస్యాలు వీలునామాలో రాయకూడదు, అవి వేరే కవర్లో భార్యకో భర్తకో ఇవ్వండి. లోపలి విషయం ఆఫీసులో కూడా ఎవరూ చూడకూడదు అనుకుంటే జిల్లా రిజిస్ట్రార్ దగ్గర సీలు చేసిన కవర్లో డిపాజిట్ చేసే పద్ధతి కూడా ఉంది.

తెలుగు రాష్ట్రాల్లో ఉన్న ఆస్తికి హిందువుల వీలునామా మీద కోర్టులో ప్రొబేట్, అంటే ఈ వీలునామా నిజమైనదే అని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, తీసుకోవడం తప్పనిసరి కాదు.

స్టెప్ 10: ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు మార్చాలి

మీ ఒక్కరి పేరు మీదే ఉన్న బ్యాంకు లాకర్లో పెట్టొద్దు, లాకరు తెరవడానికే కాగితాలు అడుగుతారు, ఆ కాగితం లాకర్లో ఉంటుంది. ఇంట్లో ఇద్దరికీ తెలిసిన చోట ఒరిజినల్ పెట్టి, ఎగ్జిక్యూటర్‌కి, గార్డియన్‌కి జిరాక్సు ఇచ్చి, ఒరిజినల్ ఎక్కడుందో నోటితో చెప్పండి. సాక్షుల ఫోన్ నంబర్లు దానికి పిన్ చేసి పెట్టండి.

వీలునామాని బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, కానీ పెన్నుతో కొట్టేసి పక్కన రాసేస్తే చెల్లదు, ఆ మార్పుకి కూడా మళ్ళీ సంతకం, ఇద్దరు సాక్షులు కావాలి. చిన్న మార్పుకి కోడిసిల్ అనే అనుబంధం రాయొచ్చు, నాకైతే కొత్తగా మొత్తం రాసేసి పాతది చింపేయడమే నయం అనిపిస్తుంది, పాతది రిజిస్టర్ అయి ఉంటే కొత్తది కూడా రిజిస్టర్ చేయించండి. ఇంకో బిడ్డ పుట్టినా, ఇల్లు కొన్నా అమ్మినా, గార్డియన్‌గా రాసిన వాళ్ళు విదేశాలకి వెళ్ళిపోయినా, ట్రస్టీతో మాటలు లేకపోయినా తీసి చూడండి. విడాకులైతే ఆ రోజే మార్చండి, ఎందుకంటే విడాకులతో వీలునామా దానంతట అది రద్దు కాదు, మాజీ భార్య పేరో భర్త పేరో అందులో అలాగే ఉంటుంది. క్రైస్తవులకైతే పెళ్ళి చేసుకుంటే పాత వీలునామా రద్దయిపోతుంది, హిందువులకి అలా కాదు, పెళ్ళికి ముందు అమ్మానాన్నల పేరున రాసింది ఏదైనా ఉంటే అది ఇప్పటికీ బతికే ఉందన్నమాట, దాన్ని కూడా వెతికి తీసి ఈ కొత్తదాంతో రద్దు చేయండి.